గంటబల్ల చెప్పిన లెక్క

కోనసీమ వెళ్ళొచ్చానంటే మా విశాఖలో అందరూ ఒకటే అడుగుతున్నారు, పూతరేకులు తెచ్చావా అని. తేలేదు. తెచ్చిందల్లా ఒక సీసా కొబ్బరినూనె. దాన్ని వాడుకోలేక, పారెయ్యలేక బీరువా మీద పెట్టాను. పొద్దుటి చలికి తెల్లగా గడ్డకడుతుంది, మధ్యాహ్నానికి కరిగిపోతుంది. అటు కళ్ళు పడ్డప్పుడల్లా గుండె బరువెక్కుతోంది. రాసేస్తే కాస్త తేలికవుతుందేమోనని ఈ ప్రయత్నం.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైనదాన్ని. మా రోజుల్లో ఎక్స్ఛేంజి అంటే గది నిండా రిలే స్విచ్చులు, పళ్ళచక్రాలు, చెవులు గళ్ళుపడేలా టకటక. అవన్నీ తుక్కుకి పోయాక, అదే జాతి సామాను పాత పిన్‌బాల్ మిషన్లలో దొరికింది నాకు. వాలుగా ఉన్న బల్ల, పైన అద్దం, లోపల పరుగెత్తే ఉక్కు బంతి. బంతి ఒక్కో గుర్తుకి తగిలినప్పుడల్లా బోనస్ పెరుగుతూ ఉంటుంది. చివరికి బంతి కిందికి జారి గాడిలో పడితే, కూడిన బోనస్‌ని మిషను ఒక్కొక్కటిగా గంట కొడుతూ లెక్కపెడుతుంది. పాతకాలం వాటిలో చిప్పూ గిప్పూ ఉండవు. అంతా తీగచుట్టలు, స్ప్రింగులు, ఒక చిన్న మోటారు. ఈ వయసులో ఆ పిచ్చేమిటని మా చెల్లెలు సణుగుతుంది. దాని కొడుకే నేను బాగుచేస్తుండగా వీడియో తీసి ఫోనులో పెట్టాడు. అది చూసి మలికిపురం అవతల నుంచి కృప అనే అమ్మాయి ఫోను చేసింది.

"మేడంగారండీ, మా ఇంట్లో అలాంటిదే ఉందండి. బంతి పడ్డాక గంట మోగడం మొదలెట్టి ఇంక ఆగలేదండి. అది పాడైందో లేదో మీరొచ్చి చెప్పాలండి."

బాగుచెయ్యమని అడగలేదు. పాడైందో లేదో చెప్పమంది. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

జొన్నాడ

రాజమండ్రిలో రైలు దిగి అమలాపురం బస్సెక్కాను. జొన్నాడ రాగానే టైరు పంక్చరైంది. "ఓ పావుగంటేనండి" అన్నాడు కండక్టరు. గోదావరి వాళ్ళ పావుగంట వేరు, మన పావుగంట వేరు. టీ కొట్టు దగ్గర చేరాం అందరం. టీ పది రూపాయలు. గ్లాసు చిన్నదే గాని మర్యాద పెద్దది. "పంచదార సరిపోయిందాండీ?" అని కొట్టాయన పదే పదే అడిగాడు. మా ఊళ్ళో డబ్బులిచ్చేటప్పుడు తప్ప మన మొహం చూడరు.

బల్ల మీద నా పక్కన ఒకావిడ ఒళ్ళో పెద్ద దుప్పటి ప్యాకెట్టు పెట్టుకుని కూర్చుంది. అది వాళ్ళాయన మస్కట్ నుంచి ఎవరిచేతనో పంపాడట.

"ఇంత బొచ్చు దుప్పటి కప్పుకునే చలి మనకెక్కడుందండీ? అయినా పంపుతారు. ఇప్పటికి నాలుగయ్యేయి" అంది.

"ఎప్పుడొస్తారమ్మా ఆయన?"

"రెండేళ్ళ అగ్రిమెంటండి. అగ్రిమెంటు రెండేళ్ళేగానండీ, మనిషి రావడానికి ఆరేడేళ్ళవుతాది."

అలా అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు మీద ఇప్పుడు నాకే కోపంగా ఉంది.

అమలాపురం

రావులపాలెంలో అరటిగెలల లారీల మధ్య బస్సు చాలాసేపు ఇరుక్కుంది. కొత్తపేట దాటాక సడన్ బ్రేకు వేస్తే పైనున్న నా పనిముట్ల సంచీ కిందపడి, రిలే స్ప్రింగులు, స్క్రూలు సీట్ల కిందంతా దొర్లాయి. బస్సులో సగంమంది వంగి వెతికి పెట్టారు. ఒక పెద్దాయన చిన్న స్ప్రింగు నా చేతిలో పెడుతూ "గుండెకి వేసేవాండీ ఇవి?" అని అడిగాడు. కాదండీ, గంటకి అన్నాను. "ఆయ్" అన్నాడు, అంతా అర్థమైనట్టు.

అమలాపురంలో దిగి పొట్టెక్కలు తిన్నాను. పనసాకుల్ని బుట్టలా కుట్టి, అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికించిన ఇడ్లీలు అవి. ప్లేటు నలభై రూపాయలు. ఆకు వాసన పట్టి ఎంత కమ్మగా ఉన్నాయో. తొందరలో ఒకటి ఆకుతో సహా కొరికేశాను. వడ్డించే కుర్రాడు నవ్వు ఆపుకుని, "ఆకు తీసేసి తినాలండి. పర్లేదండి, మంచిదేనండి పనసాకు" అని నా పరువు కాపాడాడు.

అక్కణ్ణుంచి రాజోలు బస్సు. వైనతేయ మీది వంతెన దాటాక రెండువైపులా కొబ్బరి చెట్లు తప్ప ఇంకేమీ కనబడవు. గుమ్మాల ముందు కొబ్బరికాయల రాశులు, పీచు డొక్కలు ఒలిచే చప్పుడు. వంటలోకి కొబ్బరి, పొయ్యిలోకి కొబ్బరి, తలకి కొబ్బరి. మా ఇంట్లో తలుపు కిర్రుమంటే మిషను నూనె కోసం వెతుకుతాం. ఇక్కడ తలకి రాసుకున్న చేత్తోనే తలుపు బందుకి కూడా రాసేస్తారు. ఈ సంగతి నేను బస్సు కిటికీలోంచే చూశాను. చూసి ఊరుకున్నాను.

మలికిపురం అవతల

రాజోలులో బస్సు మారి దిగేసరికి కృప మలికిపురం సెంటర్లో స్కూటీతో నిలబడి ఉంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. ప్రైవేటు స్కూల్లో టీచరు. కాలవ గట్టు మీదుగా వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. ఊరి పేరు రాయను.

ఇంట్లో కృప, వాళ్ళ అత్తగారు సువార్తమ్మగారు, ఒక నల్ల కోడి. ఆ కోడి సంగతి చెప్పాలి. అత్తాకోడళ్ళిద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు. ఏదైనా చెప్పుకోవాలంటే కోడికి చెబుతారు. "అన్నం చల్లారిపోతోంది, మళ్ళీ వేడి చెయ్యాలా?" అని కృప కోడితో అంటుంది. "ఆకలేసినవాళ్ళు తింటార్లే" అని సువార్తమ్మగారూ కోడితోనే అంటారు. నేను వచ్చాక ఆ ఉద్యోగం నాకు పడింది. మొదట నవ్వొచ్చింది. భోజనం అయ్యేసరికి ఏడుపొచ్చింది.

వసారాలో పాత చీరలూ టార్పాలినూ కప్పి ఉంది మిషను. ఊళ్ళో దాన్ని గంటబల్ల అంటారట. సువార్తమ్మగారి భర్త బెహ్రయిన్‌లో నావికుల క్లబ్బులో మెకానిక్కుగా చేసి, క్లబ్బు మూసేసినప్పుడు దాన్ని ఓడలో వేయించుకుని తెచ్చుకున్నారు. ఆయన పోయి చాలా కాలమైంది.

నేను ప్లగ్గు చేతిలోకి తీసుకోగానే సువార్తమ్మగారు లేచారు. "ఆ గంట నా చెవిని పడకూడదు వదినగారూ" అని రెండు చెవులూ మూసుకుని పెరటి గుమ్మంలోంచి కాలవ వైపు వెళ్ళిపోయారు.

ఎండ వసారాలోకి పడుతోంది. ప్లగ్గు పెట్టాను. దీపాలు వెలిగాయి. నేను ఏ బొత్తామూ నొక్కకుండానే మోటారు తిరిగి, గంట దానంతట అది మోగడం మొదలెట్టింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఏడు. ఏడు కొట్టి ఆగింది. గాడిలో ఉన్న బంతి టప్పున పైకొచ్చింది.

"ఎవరో ఆట మధ్యలో కరెంటు తీసేశారమ్మా. బంతి గాడిలోనే ఉండిపోయింది. అప్పుడు ఆగిన లెక్క ఇప్పుడు పూర్తి చేసుకుంది" అన్నాను హుషారుగా.

కృప వేళ్ళు మడుస్తోంది. పెదాలు కదులుతున్నాయి. అలాగే మెట్టు మీద కూలబడింది. ఎండకి తిరిగి అలిసిపోయిందనుకున్నాను.

ఆ లెక్క ఎలా జరుగుతుందో చెప్పాలి. బోనస్‌కి ఒక పళ్ళచక్రం ఉంటుంది. బంతి గుర్తుకి తగిలినప్పుడల్లా అది కరెంటు బలంతో ఒక పన్ను ముందుకి జరుగుతుంది, దాని స్ప్రింగు బిగుస్తుంది. బంతి గాడిలో పడ్డాక, గంట ఒక్కసారి కొట్టినప్పుడల్లా ఆ స్ప్రింగు లాగుడికి చక్రం ఒక పన్ను వెనక్కి రావాలి. మొదటికి వచ్చేసరికి అక్కడున్న చిన్న స్విచ్చు "ఇంక చాలు" అంటుంది. గంట ఆగడం లేదంటే ఆ స్విచ్చయినా పాడై ఉండాలి, చక్రమయినా వెనక్కి రాకుండా ఉండాలి. స్విచ్చు మొనలు తుడిచాను. రిలేలు చూశాను. మోటారు చూశాను. తర్వాత బంతి మీద బంతి ఆడాను. ఎన్నిసార్లు ఆడినా గంట లెక్కగా మోగి, లెక్కగా ఆగింది.

సువార్తమ్మగారు తిరిగొచ్చాక ఇద్దరి ముందూ చెప్పాను, "దీనిలో ఏ లోపమూ లేదు. నిక్షేపంలా ఉంది."

మంచి కబురు చెప్పాననుకున్నాను. సువార్తమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. "విన్నారా వదినగారూ? మిషను మంచిదేనని నేను ఆ వేళే అన్నాను. అది నిజమే చెప్పింది. ఎవరూ విన్లేదు." ఆ మాట నాతో అన్నారు గాని తగిలింది కృపకి. ఆ పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు.

చేపలు కడుగుతూ

సాయంత్రం పెరట్లో కృప చేపలు కడుగుతూ అసలు సంగతి చెప్పింది.

ఊళ్ళో ఎవరు గల్ఫ్ వెళ్ళినా, బస్సెక్కే ముందు గంటబల్ల మీద ఒక్క బంతి ఆడాలి. బంతి పడ్డాక గంట ఎన్నిసార్లు కొడితే అన్నేళ్ళకి తిరిగొస్తారని లెక్క. మావగారు సరదాగా మొదలెట్టింది క్రమంగా ఆనవాయితీ అయిపోయింది. ప్రార్థన చేయించుకున్నవాళ్ళూ ఆడేవారు, కొబ్బరికాయ కొట్టినవాళ్ళూ ఆడేవారు.

"మా ఆయన సుందర్రావు కూడా ఆడేరండి. క్రిస్మస్ వెళ్ళిన జనవరి, తెల్లారగట్ట. మంచి చలి. బంతి పడింది, గంట మొదలైంది. అందరూ లెక్కపెడతన్నారండి. పదయ్యింది, ఇరవయ్యింది, ఆగదే. ముందు నవ్వేరండి. తరవాత ఎవరూ నవ్వలేదు. అత్తయ్యగారు ఆయన కాళ్ళు పట్టుకుని, వెళ్ళద్దురా, ఇంక రావురా అని ఏడిచేరు. నేనేనండి ప్లగ్గు పీకింది. మిషను పాడైతే మనిషి ఆగిపోతాడా అత్తయ్యగారూ అన్నాను. వెళ్ళమని నేనే చెప్పేనండి."

ఆ ఏడే కరోనా వచ్చింది. వేసవిలో అక్కడ జ్వరమొచ్చి పోయాడు. విమానాల్లేవు. అక్కడే పాతిపెట్టారు. ఇంటికి ఫోనులో ఒక ఫోటో వచ్చింది, ఇసకలో ఒక రాయి. రాయి మీద అంకె తప్ప పేరు లేదు.

"మొహం చూడలేదు కదండీ. అత్తయ్యగారు ఇప్పటికీ సాయంత్రం బస్సు టైముకి గట్టు మీదకెళ్ళి నిలబడతారు. ఎవరైనా అడిగితే కోడి కోసం వెళ్ళేననంటారు." చేప మీద నీళ్ళు పోస్తూనే ఉంది. "రాజమండ్రిలో స్కూలు హాస్టలు ఉద్యోగం వచ్చిందండి. వచ్చే వారం వెళ్ళిపోవాలి. వెళ్ళేలోపు అది పాడైందని ఎవరైనా చెప్తారేమోనని మిమ్మల్ని పిలిచేను. నేనే ఆయన్ని చంపుకున్నానని ఆవిడ అనుకుంటూ ఉండగా ఎలా వెళ్ళనండీ?"

మిషను నిక్షేపంలా ఉందని ఇద్దరి ముందూ చెప్పింది గుర్తొచ్చింది నాకు. పనిమంతురాలిననే టెక్కుతో వాళ్ళింట్లో నేను చేసిన నిర్వాకం అది.

మర్నాడు పొద్దున్న

తల దువ్వుకుందామని సంచీలో చూస్తే నూనె సీసా మర్చిపోయాను. కృపని అడిగాను. వాళ్ళ సీసాలో నూనె గడ్డకట్టి మంచు ముద్దలా ఉంది. "చలికండి. ఎండలో పెడతానుండండి" అని మెట్టు మీద పెట్టి వెళ్ళింది.

ఆ సీసా వంక చూస్తూ ఉండిపోయాను. తర్వాత దువ్వెన పడేసి వసారాలోకి పరుగెత్తాను. ప్లగ్గు పెట్టి ఒక బంతి ఆడాను. బంతి పడింది. గంట మోగింది. మోగింది, మోగింది, ఆగలేదు. సువార్తమ్మగారు వంటింట్లోంచి కేక పెట్టారు.

గంట మోగుతుండగానే బల్ల పైపలక ఎత్తి చూశాను. ప్రతి గంటకీ స్ప్రింగు లాగుతోంది గాని చక్రం ఉన్నచోటు నుంచి కదలడం లేదు. వేలు పెట్టాను. ఇరుసు చుట్టూ తెల్లగా, మెత్తగా అంటుకుంది. వాసన చూశాను. కొబ్బరినూనె. గుడ్డ ఒకటి వేణ్ణీళ్ళలో పిండి తెమ్మన్నాను. కృప తెచ్చింది. తీగలకి తగలకుండా ఇరుసు మీద కాస్తసేపు అదిమిపెట్టాను. చక్రం ఒక పన్ను జారింది. ఇంకోటి. గబగబా మొదటికి వచ్చేసింది. గంట ఆగిపోయింది.

సువార్తమ్మగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"వదినగారూ, నిన్న నేను తప్పు చెప్పాను. ఎండపూట చూసి బాగుందన్నాను. దీనిలో ఎవరో కొబ్బరినూనె వేశారు. చలికి గడ్డకట్టి చక్రం పట్టేసింది. అందుకే ఆ వేళ గంట ఆగలేదు. అది జోస్యం కాదు, ఏమీ కాదు."

ఆవిడ మెల్లగా వచ్చి చక్రం వంక చూశారు. తర్వాత తన అరచేతి వంక చూసుకున్నారు.

"నేనే వేసేనండి. వాడు వెళ్ళే ముందు రోజు సాయంత్రం. పిల్లాడి ప్రయాణమప్పుడు మొరాయించకూడదని. వాడి తలకి రాసి, మిగిలింది దీనికి రాసేను." అరచేయి కొంగుకి తుడుచుకున్నారు. "నా చేత్తోనే గంట ఆక్కుండా చేసి, ఇన్నేళ్ళూ ఆ పిల్లని తిట్టుకున్నానా?"

ఆవిణ్ణి ఓదార్చాలన్న తొందరలో నోరు జారాను. "పోనీలెండి. అబ్బాయి ఆడిన లెక్క ఎక్కడికీ పోలేదు, ఇన్నేళ్ళూ చక్రంలోనే ఉండిపోయింది. నిన్న ప్లగ్గు పెట్టగానే మోగింది అదే. లెక్కగా మోగి ఆగింది."

ఆవిడ తలెత్తారు. "ఎన్ని?"

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు కృప అంది.

"రెండండి అత్తయ్యగారూ."

కోడితో కాదు, నాతో కాదు. సువార్తమ్మగారు కోడలి మొహం వంక చూశారు. "రెండేనా?" అన్నారు. "నిజమేనా వదినగారూ?"

"నిజమేనండి" అన్నాను. "రెండే."

"అగ్రిమెంటు ప్రకారమే వచ్చేసేవాడన్నమాట నా తండ్రి" అంటూ ఆవిడ నేల మీద కూర్చుండిపోయి గట్టిగా ఏడ్చారు. నేను విన్న ఏడుపుల్లో అంత సాఫీగా వచ్చిన ఏడుపు లేదు. ఎప్పుడో ఏడవాల్సింది అది. కృప ఎండలో ఉన్న సీసా తీసుకొచ్చింది. అప్పటికి నూనె కరిగింది. అత్తగారి మోకాళ్ళ ముందు వీపు పెట్టి కూర్చుని జడ విప్పుకుంది.

"రాయండి అత్తయ్యగారూ."

ఆవిడ అరచేతిలో నూనె పోసుకుని రాశారు. నేను చక్రానికున్న నూనెంతా తుడిచేసి, ఇరుసు పొడిగా బిగించి, అద్దం వేసేశాను. వెళ్ళేటప్పుడు సువార్తమ్మగారు ఇంటి కొబ్బరితో ఆడించిన నూనె సీసా ఒకటి నా సంచీలో పెట్టారు. వద్దనలేకపోయాను.

మలికిపురం బస్టాండు

కృప స్కూటీ మీద దింపింది. బస్సు ఇంకా రాలేదు. పక్కన ఒకాయన ఎండు కురిడీ కొబ్బరి బస్తా మీద కూర్చుని ఫోనులో ధరలు మాట్లాడుతున్నాడు. నేను ఉండబట్టలేక అడిగాను.

"ఏడు కదమ్మా?"

"ఆయ్. ఏడేనండి."

"మరి రెండని ఎందుకన్నావు? మోగి ఆగింది, అదే చాలు కదా ఆవిడకి?"

కృప స్కూటీ తాళం చెవి వేళ్ళ మధ్య తిప్పింది.

"ఆయన వెళ్ళి ఏడేళ్ళు ఇంకా అవ్వలేదండి. ఈ వచ్చే జనవరికి అవుతాయి. ఏడంటే అత్తయ్యగారు మళ్ళీ గట్టు మీద నిలబడతారండి. రెండంటే ఎప్పుడో దాటిపోయింది కదండీ. ఇంక చూడక్కర్లేదు."

దూరంగా బస్సు హారను వినబడింది. నేను సంచీ భుజాన వేసుకున్నాను. నిజంగా ఆ పిల్ల తెలివికి, మనసుకి దణ్ణం పెట్టాలనిపించింది. ఆ మాటే అందామని తిరిగి, వేరేది అడిగాను.

"హాస్టలు ఉద్యోగం మరి? వచ్చే వారమేనా?"

"చూద్దామండి" అంది. "ఈ జనవరి దాటనివ్వండి."

జనవరి దాకా ఎందుకని అడగబోయి ఆగిపోయాను. గంట ఏడుసార్లు కొట్టడం అత్తగారు వినలేదు, విన్నది తను.